ఎద్దు అనేది తిట్టు ఎప్పుడైంది?

మొన్న ఆదివారం మా అక్క కొడుకు హాస్టల్ నుంచి ఔటింగ్‌కి ఇంటికొచ్చాడు, విజయవాడలో ఇంటర్ చదువుతున్నాడు. అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టట్లా. ఏందిరా అంటే మార్కులు తగ్గాయని సార్ క్లాసులో అందరి ముందూ "ఎద్దులా పెరిగావు, బుర్ర మాత్రం లేదు" అన్నాడంట. పక్కనే మా నాన్న ఉన్నాడు, నలభై ఏళ్ళు ఎడ్లతో సేద్యం చేసిన మనిషి. ఆయన మొహం చూళ్ళేకపోయా.

పిల్లాణ్ణి అలా అనడం తప్పే, అందులో రెండో మాట లేదు. నాకు ఇంకో బాధ కూడా ఉంది. ఎద్దుకి బుర్ర లేదని ఎవరు చెప్పారండీ? నాగలికి ఎడమపక్క కట్టేది దాపటెద్దు, కుడిపక్కది వలపటెద్దు, అలవాటైన ఎద్దుకి తన పక్కేదో తెలుసు, మా నాన్న కాడి ఎత్తి పట్టుకుంటే అదే వచ్చి మెడ పెట్టేది. రాత్రిపూట తెనాలి నుంచి బండి తోలుకొస్తా ఆయన నిద్రపోయినా సరే, ఎడ్లు నేరుగా ఇంటి ముందుకొచ్చి ఆగేవి.

మనం మాట్లాడే మాటల్లో ఎన్ని ఎడ్ల కొట్టంలోంచి వచ్చాయో చూడండి. పని మధ్యలో వదిలేస్తే కాడి పడేశాడంటాం. ఎవర్నీ అడక్కుండా చేసుకుపోతే ఒంటెద్దు పోకడ, ఇది రోజూ పేపర్లో కనపడుద్ది. అన్నిటికీ తలూపితే గంగిరెద్దు, విశ్రాంతి లేకుండా తిరిగితే గానుగెద్దు. ఎదుటోడి బాధ పట్టనోళ్ళని చూసి "ఎద్దు పుండు కాకికి నొప్పా" అన్నారు, ఆ సామెత చెప్పినోళ్ళు ఎద్దు తరపున నిలబడ్డారు కదా. ఓటుకి కూడా అదే, 1952 నుంచి 1969 దాకా కాంగ్రెస్ గుర్తు కాడెద్దులు. బండలాగుడు పందేల్లో ఇప్పటికీ రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు పెడతారు, ఎద్దు వయసు పళ్ళని బట్టే చెప్తారు కాబట్టి.

అచ్చోసిన ఆంబోతు అని తిడతారే, దాని సంగతి వినండి. మంచి జాతి కోడెదూడని ఎంచి, దేవుడి పేరున ఒంటి మీద అచ్చు వేసి వదిలేసేవాళ్ళు, అది ఎవరి చేలో మేసినా ఎవరూ కట్టెయ్యకూడదు. ఊరికే తిని తిరిగేది కాదు, ఊళ్ళో ఆవులన్నిటికీ మంచి దూడలు పుట్టేది దానివల్లే. పని లేనోడికి దాని పేరెట్టి దాని పనే మర్చిపోయాం. షేర్ మార్కెట్‌లో ధరలు పెరిగే కాలాన్ని బుల్ అంటారు, అది వింటే మాత్రం అందరికీ సంతోషం! బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతిని నెల్లూరు పేరు మీద నెలోర్ అని పిలుచుకుంటారు, ఇక్కడ గుంటూరు పక్కనే లాం పశు పరిశోధన ఫారంలో ఆ జాతి కోసం ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. మన ఇళ్ళల్లో మాత్రం ట్రాక్టర్ వచ్చాక దాపట, వలపట పోయి తిట్టొక్కటే మిగిలింది, నాకు నిజంగా కడుపు తరుక్కుపోతోంది.

ఆ సాయంత్రం నాన్న వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టుకుని మా దాపటెద్దు గురించి చెప్పాడు. దాని పేరు రాముడు. అది పోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలా, చేలోనే గొయ్యి తీసి, పసుపు కుంకుమ చల్లి పూడ్చాం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, నాన్న ఏడవడం అదే మొదటిసారి చూశా.