ఆరు గుర్రాల కింద ఒక లెక్క

ఆ షాట్ నిమిషం కూడా ఉండదు. ఎండిపోయిన సరస్సు నేల మీద ఆరు గుర్రాలు కట్టిన ప్రయాణికుల బండి దుమ్ము రేపుకుంటూ పోతుంటుంది. పక్కనే తరుముకొస్తున్న అపాచీ అనే అమెరికా ఆదివాసీ తెగ యోధుడు తన గుర్రం మీది నుంచి బండికి కట్టిన ముందు జత మీదికి దూకుతాడు. బండి పైనుంచి హీరో కాలుస్తాడు. దెబ్బ తిన్న మనిషి రెండు గుర్రాల మధ్యకి జారి, నొగ పట్టుకుని వేలాడతాడు. వీపు నేలకు రాసుకుపోతుంటుంది. మళ్లీ తుపాకీ పేలుతుంది. అతను చేతులు వదిలేస్తాడు. మిగతా గుర్రాలు, వాటి వెనక బండి, అన్నీ అతని మీదుగా వెళ్లిపోతాయి. చివర్లో ఆ దుమ్ములో ఒళ్లు కాస్త కదులుతుంది. కింద పడింది బొమ్మ కాదు, మనిషేనని అప్పుడు తెలుస్తుంది.

1939లో వచ్చిన జాన్ ఫోర్డ్ సినిమా ‘స్టేజ్‌కోచ్’లోది ఈ సీను. కాల్చిన హీరో జాన్ వేన్. పడింది యాకిమా కనట్ అనే స్టంట్‌మన్. అదే ఛేజ్‌లో కాసేపటికి హీరో బండి మీది నుంచి కిందికి దూకి, ఒక జత గుర్రాల మీది నుంచి ఇంకో జత మీదికి గెంతుతూ ముందుకు వెళ్తాడు. అక్కడ జాన్ వేన్‌కి డూప్ కూడా కనటే. కాల్చినవాడి తరఫునా ఆయనే ఒళ్లు వంచాడు, చచ్చినవాడి తరఫునా ఆయనే. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది.

ఇలాంటి సీన్ల గురించి రాయాల్సి వస్తే మన దగ్గర ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: ‘ప్రాణాలకు తెగించి’. నేనూ చాలాసార్లు రాశాను. ఇప్పుడు రాయలేను. కనట్ జీవితం గురించి తెలుసుకునే కొద్దీ ఆ మాట పొగడ్త కాదని, ఆ పనిని సరిగ్గా అర్థం చేసుకోకపోవడమేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆయన చేసిందల్లా ప్రాణాలకు తెగించకుండా ఆ పని ఎలా చేయాలో కనిపెట్టడం.

ఆ షాట్ వెనక ఉన్న లెక్కను ఆయనే తర్వాత విడమరిచి చెప్పాడు. గుర్రాలు నెమ్మదిగా పోకూడదు, బాగా జోరు మీద ఉండాలి. వినడానికి తలకిందులుగా అనిపిస్తుంది. కానీ నెమ్మదిగా పోయే గుర్రం అటూ ఇటూ జరుగుతుంది, దాని కాలు ఎక్కడ పడుతుందో చెప్పలేం. దౌడు తీసే గుర్రం గీత గీసినట్టు పోతుంది. కింద ఉన్న మనిషిని కాపాడేది ఆ గీతే. ఇక నొగ వదిలే క్షణంలో చేతులు ఛాతీ మీదికి లాక్కుని, మోచేతులు ఒంటికి అదిమిపెట్టుకోవాలి. లేకపోతే బండి ముందు ఇరుసు వాటిని విరగ్గొడుతుంది. అంతకుముందే చిన్న బడ్జెట్ కౌబాయ్ సినిమాల్లో ఈ విద్య చేసి చూసుకున్నాడు కూడా. చూసేవాడికి గుండె ఆగినంత పనవుతుంది. చేసేవాడికి మాత్రం ప్రతి అంగుళం ముందే తెలుసు.

1895లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పశువుల పెంపకందారు ఇంట్లో పుట్టాడు. అసలు పేరు ఈనాస్ ఎడ్వర్డ్ కనట్. లొంగని గుర్రాల మీద కూర్చునే రోడియో పోటీల్లో ఛాంపియన్ అయ్యాడు. ఆ పోటీల్లో వచ్చిన పేరుతోనే మూకీ సినిమాల్లోకి వచ్చి, 1920ల్లో హీరో వేషాలు కూడా వేశాడు. నౌకాదళంలో ఉన్నప్పుడు వచ్చిన ఫ్లూతో గొంతు దెబ్బతింది. మూకీల్లో అది ఎవరికీ పట్టలేదు. టాకీలు వచ్చాక ఆ గొంతు పనికిరాలేదు. హీరోగా దారి మూసుకుపోతే ఇంకొకరికి డూప్‌గా వెళ్లాడు. మొహం తెర మీద కనపడితే బతుకు, కనపడకపోతే లేదు అనుకునే పరిశ్రమలో, మొహం దాచుకునే పనిలోకి ఇష్టంగా దిగి అందులో అందరికంటే పైకి వెళ్లాడు.

ఒళ్లు మాత్రం తన బాకీ వసూలు చేసుకుంది. 1940లో ఒక సినిమా కోసం క్లార్క్ గేబుల్‌కి డూప్ చేస్తుంటే గుర్రం మీద పడి లోపలి అవయవాలు దెబ్బతిన్నాయి. 1943లో బండి మీది నుంచి పడే సీన్లో రెండు చీలమండలూ విరిగాయి. ఫైటర్ల బతుకు తెలిసినవాళ్లకి ఈ మలుపు కొత్తేమీ కాదు. నలభై దాటాక మోకాళ్లు, నడుము మొరాయిస్తాయి. అక్కడితో ఇంటికి పోవాలి, లేదా పడటం ఎలాగో ఇంకొకరికి చెప్పాలి. కనట్ రెండోది ఎంచుకున్నాడు. యాక్షన్ సీన్లు తీసే సెకండ్ యూనిట్ డైరెక్టరయ్యాడు.

ఆయన తయారు చేసిన వస్తువుల్లో నాకు బాగా నచ్చేది ఒక రికాబు, అంటే గుర్రం జీనుకి వేలాడుతూ కాలు పెట్టుకోవడానికి ఉండే ఇనుప పట్టీ. గుర్రం మీది నుంచి పడేటప్పుడు పడటం కంటే పెద్ద ప్రమాదం, కాలు రికాబులో ఇరుక్కుపోవడం. అలా ఇరుక్కుంటే గుర్రం పరుగెత్తినంత దూరం మనిషిని ఈడ్చుకుపోతుంది. కనట్ ఆ రికాబుకి ఒక వైపు తీసేశాడు. ఇంగ్లిష్ ఎల్ అక్షరంలా మిగిలింది. పడేవాడి కాలు దానంతటదే బయటికి వచ్చేస్తుంది. అంతే. కమ్మరి దగ్గరికి వెళ్తే గంటలో అయ్యే పని. కానీ ఆ గంటకి ముందు ఎంతమంది అలా ఈడ్చుకుపోబడి ఉంటారో ఊహించండి. బండి బోల్తా పడే సీన్లో సరిగ్గా సమయానికి గుర్రాలు బండి నుంచి విడిపోయేలా కూడా ఒక ఏర్పాటు చేశాడు.

ఈ రోజు మన ప్రతి ఫైట్‌లోనూ కనిపించే గుద్దు వెనక కూడా ఆయన చెయ్యి ఉంది. అంతకుముందు నటులు ఒకరి భుజాల మీద ఒకరు నిజంగానే కొట్టుకునేవాళ్లు. దెబ్బలూ తగిలేవి, తెర మీద చూస్తే నమ్మబుద్ధీ కాదు. కనట్, జాన్ వేన్ కలిసి కెమెరాను ఒక కోణంలో పెట్టి, పిడికిలి మొహం పక్కనుంచి గాల్లో వెళ్లేలా, ఎదుటివాడు సరిగ్గా ఆ క్షణంలో తల విసిరేలా పద్ధతి కుదిర్చారు. నిజంగా కొట్టిన దానికంటే కొట్టని గుద్దే తెర మీద గట్టిగా తగిలింది.

ఆయన్ని దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో పరుగెత్తే గుర్రం ముందు కాళ్లకు తీగ కట్టి బోర్లా పడేసే ఒక పద్ధతి ఉండేది. దానివల్ల ఎన్నో గుర్రాలు కాళ్లు విరిగి చచ్చిపోయాయి. కనట్ కూడా ఆ తీగ వాడాడు. మనుషుల కోసం అంత ఆలోచించిన బుర్ర గుర్రాల కోసం ఎందుకు ఆగలేదో అని బాధ కలుగుతుంది. అక్కడి జంతు సంక్షేమ సంఘం 1940 నుంచి సెట్లలో నిఘా పెట్టాకే పరిస్థితి మారడం మొదలైంది.

ఆయన పనితనం పూర్తిగా తెలియాలంటే 1959 నాటి ‘బెన్‌హర్’ రథాల పందెం చూడాలి. ఆండ్రూ మార్టన్‌తో కలిసి కనట్ దాన్ని నడిపించాడు. రోమ్‌లోని చినెచిట్టా స్టూడియోలో వేసిన సెట్ అది. 18 రథాలు చేయించారు. 78 గుర్రాలు కొన్నారు. సెట్ పక్కనే అదే కొలతలతో ఇంకో ట్రాక్ వేశారు. అది షూటింగ్ కోసం కాదు, కేవలం ప్రాక్టీసు కోసం. గుర్రాలకీ, రథం తోలేవాళ్లకీ నెలల తరబడి అక్కడే తర్ఫీదు ఇచ్చారు. హీరో చార్ల్‌టన్ హెస్టన్‌కి డూప్ కనట్ కొడుకు జో. ఒక షాట్‌లో రథం ఎగిరి పడ్డప్పుడు జో ముందువైపుకి గాల్లోకి లేచి, రథం అంచు పట్టుకుని ఎలాగో బయటపడ్డాడు. గడ్డానికి నాలుగు కుట్లు పడ్డాయి. దర్శకుడు విలియం వైలర్ ఆ ముక్కను సినిమాలో ఉంచేశాడు.

ఈ పందెంలో ఒక స్టంట్‌మన్ చనిపోయాడని, ఆ షాటే సినిమాలో ఉందని దశాబ్దాలుగా ఒక పుకారు తిరుగుతోంది. అది అబద్ధం. ఎవరూ చనిపోలేదు. 1925లో తీసిన మూకీ ‘బెన్‌హర్’లో మాత్రం పందెం షూటింగ్ గుర్రాలను పొట్టన పెట్టుకుంది. పాతదానికీ కొత్తదానికీ తేడా రక్షణ ఏర్పాట్లు, రిహార్సల్స్. అయినా జనం నోట బతికింది చావు కథే. ఎవరో చస్తేనే స్టంట్ నిజమైనదని నమ్మే మన మనస్తత్వమే నన్ను భయపెడుతుంది.

1967 ఏప్రిల్ 10న కనట్‌కి గౌరవ ఆస్కార్ ఇచ్చారు. అందించింది హెస్టనే. స్టంట్‌మన్‌గా ఆయన సాధించినదానితో పాటు, స్టంట్‌మెన్‌ను కాపాడే పరికరాలు తయారు చేసినందుకు కూడా ఇస్తున్నామని అందులో స్పష్టంగా రాశారు. ఆ తర్వాత సరిగ్గా 58 ఏళ్లకి, 2025 ఏప్రిల్ 10న, స్టంట్స్‌కి ప్రత్యేక ఆస్కార్ పెడుతున్నట్టు అకాడమీ ప్రకటించింది. 2027లో విడుదలయ్యే సినిమాలకు 2028లో తొలిసారి ఇస్తారు. ఆ ప్రకటనతో వేసిన బొమ్మల్లో మన ‘ఆర్ఆర్ఆర్’ కూడా ఉంది. తెలుగువాళ్లం అందరం ఆ బొమ్మ షేర్ చేసుకున్నాం. నేను మాత్రం అవార్డు పేరు దగ్గర ఆగాను: ‘స్టంట్ డిజైన్’. ఎవడు ఎంత ఎత్తు నుంచి దూకాడన్నది కాదు, ఎవరు ఎలా ఆలోచించి దూకించారన్నది. ఇలాంటి అవార్డు వస్తే ఇంకా ప్రమాదకరమైన ఫీట్లకి పోటీ పడతారని భయపడేవాళ్లున్నారు. భయం న్యాయమైనదే. ఆ పేరుకి తగ్గట్టు ఓట్లు వేస్తే మాత్రం ఆ భయం అక్కర్లేదు.

ఈ విషయంలో మన దేశం నిజానికి ముందే ఉంది. 2016 సినిమాల నుంచే జాతీయ అవార్డుల్లో స్టంట్స్‌కి చోటుంది. మొదటిది పీటర్ హెయిన్‌కి మలయాళ సినిమా ‘పులిమురుగన్’కి వచ్చింది. తర్వాత ‘బాహుబలి 2’, ‘ఆర్ఆర్ఆర్’, ‘హనుమాన్’ రూపంలో తెలుగు సినిమా మూడుసార్లు గెలిచింది. ఫైటర్‌గా మొదలై మాస్టర్ అయ్యే దారి కూడా మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. చీరాల దగ్గర కారంచేడు నుంచి వెళ్లిన కవలలు రామ్-లక్ష్మణ్ అలా పైకొచ్చినవాళ్లే. ప్రతిభకు లోటు లేదు.

లోటు ఎక్కడుందో చెప్పడానికి రెండు తేదీలు చాలు. 2016 నవంబర్ 7న బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్లి రిజర్వాయర్‌లోకి హెలికాప్టర్ నుంచి దూకిన ఇద్దరు స్టంట్ నటులు మునిగిపోయారు. ఇద్దరి ఒంటి మీదా లైఫ్ జాకెట్ లేదు. 2025 జులై 13న తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో కారు పల్టీ కొట్టే సీన్లో, ఏళ్ల అనుభవం ఉన్న స్టంట్‌మన్ చనిపోయాడు. హెలికాప్టర్‌కి డబ్బుంది, జాకెట్‌కి లేదంటే ఎలా నమ్మడం? ముంబైలో అక్షయ్ కుమార్ 2017లో స్టంట్‌వాళ్ల కోసం ఇన్సూరెన్స్ పెట్టించాడు, వందలాది మందికి అది ఆసరా అయింది. ఆయనకి దండం. కానీ అది ఒక హీరో మంచితనం మీద నడవాల్సిన విషయమా?

మన సినిమాలో గుర్రం గానీ ఎద్దు గానీ కనిపించాలంటే జంతు సంక్షేమ బోర్డు దగ్గర కాగితం తెచ్చుకోవాలి. అది లేకుండా సెన్సార్ దగ్గర పని జరగదు. అది మంచి నిబంధన, ఉండాలి. ఆ గుర్రం మీది నుంచి పడే ఫైటర్ కోసం మాత్రం సెన్సార్ దగ్గర ఏ కాగితమూ చూపించక్కర్లేదు. పైగా రిలీజ్ టైమ్‌లో ‘హీరో డూప్ లేకుండా చేశారు’ అని ప్రచారం. డూప్ లేకపోవడం గొప్ప ఎలా అవుతుంది? ఆ పని తెలిసినవాణ్ని పక్కన పెట్టి, తెలియని మనిషిని ప్రమాదంలోకి తోయడం అది. డూప్ ఉండి కూడా లేడని చెప్తే అది ఇంకొకరి కష్టాన్ని దోచుకోవడం.

కొన్నేళ్ల కిందట హైదరాబాద్ శివార్లలో ఒక రాత్రి షూటింగ్ చూశాను. రెండో అంతస్తు నుంచి పడే షాట్. కింద ఖాళీ అట్టపెట్టెలు వరసలుగా పేర్చి, పైన పరుపులు వేశారు. పడాల్సిన కుర్రాడు ఆ పేర్పు చుట్టూ తిరిగి ప్రతి మూలా మోకాలితో నొక్కి చూసి పైకెళ్లాడు. అక్కడి నుంచి తొంగి చూసి మళ్లీ కిందికి దిగాడు. చివరి వరసను మూరెడు ఇవతలికి జరపాలన్నాడు. తెల్లారిపోతోందని, హీరో వెళ్లిపోవాలని ప్రొడక్షన్ వాళ్లు కేకలు. ఫైట్ మాస్టర్ మైక్ లాక్కుని, “ఆగండయ్యా, వాడు సరే అనేదాకా కెమెరా తిరగదు” అన్నాడు. పెట్టెలు జరపడానికి నాలుగు నిమిషాలు పట్టింది. కుర్రాడు పడ్డాడు, లేచాడు, మోచేతులు దులుపుకుని టీ అడిగాడు.

సరిగ్గా ఆ వరస మీదే పడ్డాడతను. ఒప్పందంలో ఆ నాలుగు నిమిషాలు లేవు, రిహార్సల్‌కి ఒక్క రోజూ లేదు. ఆగమని చెప్పే హక్కు మాస్టర్‌కి ఉన్నట్టు ఎక్కడా రాసి లేదు. ఆ రాత్రి అవి దొరికాయంటే, ఆ మాస్టర్ సీనియర్ కాబట్టి, ఆయన గొంతు ప్రొడక్షన్ వాళ్ల గొంతు కంటే పెద్దది కాబట్టి.