పిల్లి గిన్నె మీద కొర్రీలు

34 ఏళ్ళు ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పంచాయతీ బోరు ఎన్ని అడుగులు దిగింది, బిల్లు ఎన్ని అడుగులకు లేచింది అని చూసి కొర్రీ వేయడం నా ఉద్యోగం. ఆ కొర్రీకి జవాబివ్వకుండా కాలం గడపడం అవతలివారి ఉద్యోగం. ఎవరి పని వాళ్ళం శ్రద్ధగా చేసుకున్నాం. ఇప్పుడు నా అధికార పరిధిలో మిగిలింది ఒక్క పిల్లి.

అది మా అమ్మాయి పిల్లి. ఉద్యోగం బెంగళూరుకు మారినప్పుడు "రెండు నెలలే నాన్నా" అని మాకు అప్పజెప్పి వెళ్ళింది. రెండేళ్ళయింది. పేరు జిలేబి. ఆ పేరు మీదే నా మొదటి అభ్యంతరం. తీపిని పసిగట్టే జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. తీపంటే ఏమిటో తెలియని జీవికి జిలేబి అని పేరు పెట్టడం రికార్డుల్లో తప్పుడు నమోదు కిందికి వస్తుందని, సవరించమని అమ్మాయికి రాశాను. నవ్వుతున్న పిల్లి బొమ్మ ఒకటి వచ్చింది. దాన్ని జవాబుగా స్వీకరించలేదు.

మొదట్లో జిలేబి భోజన వ్యవహారం మా ఆవిడ చేతిలో ఉండేది. పొద్దున పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి మేం తినగా మిగిలిన చేపల పులుసు. తరతరాలుగా పిల్లులు అలాగే బతికాయని ఆవిడ వాదన. తరతరాల్లో ఎన్ని బతికాయో లెక్క చూపించమంటే విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. ఈలోగా జిలేబికి పాలు తాగిన పూటల్లా కడుపు చెడుతోంది. పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదని పశువుల డాక్టరు చెప్పాడు. రాయలవారు పిల్లిని పెంచమని ఆవునిస్తే, పాలగిన్నె చూడగానే పారిపోయే పిల్లిని తయారుచేసిన రామకృష్ణుణ్ణి మనం ఇన్నాళ్ళూ కొంటెవాడనుకున్నాం. ఆయన పశుపోషణ నిపుణుడు. ఇక పులుసు సంగతి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తుటిలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయట. అవి రెండూ లేకుండా దానికి విడిగా వండమన్నాను. "అది పులుసనరండీ, పథ్యమంటారు" అని మా ఆవిడ వంటశాఖ తరఫున చేతులెత్తేసింది.

అలా ప్యాకెట్ల మీద పడ్డాను.

దుకాణంలో ఒక గోడంతా పిల్లి తిండే. నా పెళ్ళినాడు విడిదింట్లో కూడా అన్ని రకాలు లేవు. కుర్రాడు ఓపిగ్గా చూపించాడు. "ఇది ప్రీమియం అంకుల్. ఇది సూపర్ ప్రీమియం. ఇది హోలిస్టిక్."

"మూడింటికీ తేడా ఏమిటి బాబూ?"

"ఒక్కోదానికీ మూడేసి వందలు అంకుల్."

ఇంత నిజాయితీగా ఇచ్చిన వివరణ నా సర్వీసులో ఎన్నడూ వినలేదు. ఆ మూడు మాటలకూ చట్టంలో అర్థం లేదు. రాసుకున్నవాడిదే నిర్వచనం.

ప్యాకెట్ ముందువైపు బొమ్మ చూశాను. పెళ్ళి భోజనాల్లో కూడా కనబడనంత నున్నటి కోడి ముక్క, పక్కన క్యారెట్లు, నాలుగు నీలం పళ్ళు, ఒక ఆకు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ని విటమిన్ 'ఎ'గా మార్చుకునే శక్తి పిల్లికి లేదు. మనకుంది. అంటే బొమ్మలో క్యారెట్ నా కోసం. పళ్ళు మా అమ్మాయి కోసం. ఆకు ఎవరి కోసమో తేలలేదు, బహుశా దుకాణం వాస్తు కోసం. జిలేబి కోసం వేసిన బొమ్మ అయితే అందులో ఎలుక ఉండాలి. ఎలుక బొమ్మ వేసిన పిల్లి తిండి ప్యాకెట్ ఇంతవరకు నా కంట పడలేదు.

తర్వాత 'విత్ ట్యూనా', అంటే ట్యూనా చేపతో, అన్న మాట దగ్గర ఆగాను. ఈ లేబుళ్ళ భాషకి అమెరికాలో ఒక వ్యాకరణం ఉంది. ఆఫ్కో అని, అక్కడి రాష్ట్రాల దాణా అధికారుల సంఘం, అది రాసింది. దాని ప్రకారం పేరులో 'విత్ ట్యూనా' అంటే 3 శాతం ట్యూనా ఉంటే చాలు. 'ట్యూనా డిన్నర్' అంటే 25 శాతం. 'ట్యూనా ఫ్లేవర్' అంటే ఆ రుచి తగిలితే చాలు, ఇంత ఉండాలన్న లెక్కే లేదు. పోస్టర్ మీద పెద్ద హీరో బొమ్మ వేసి, సినిమాలో ఆయన్ని గోడ మీద ఫోటోకి దండేసి చూపించినట్టన్న మాట. మన ఉల్లి పకోడీకి ఇలాంటి వ్యాకరణం ఉంటే సగం బళ్ళవాళ్ళు 'ఉల్లి ఫ్లేవర్' అని బోర్డు మార్చుకోవాలి.

లెక్కల విషయం కూడా చూశాను, అది నా బలహీనత. ఎండు గుళికల ప్యాకెట్ మీద ప్రోటీన్ 30 శాతం అని ఉంది. తడి తిండి పౌచ్ మీద 9 శాతం. మా ఆవిడ 30 వైపు చెయ్యి చాచింది. ఆగమన్నాను. గుళికల్లో నీళ్ళు 10 శాతం, పౌచ్‌లో 82. నీళ్ళు తీసేసి చూడాలి. గుళికల్లో 90 పాళ్ళలో 30, అంటే 33 శాతం. పౌచ్‌లో 18 పాళ్ళలో 9, అంటే 50. ప్యాకెట్ మీద ఓడిపోయినది కాగితం మీద గెలిచింది. పైగా పిల్లి ఎడారి జంతువుల సంతతి, దాహం తక్కువ. మగపిల్లులకు మూత్రం బంధించడం ప్రాణం మీదికొచ్చే జబ్బు. తిండిలో నీరుండటం దానికి మేలే. అయితే 85 గ్రాముల పౌచ్‌తో దాని పొట్ట నిండదు. రోజుకు మూడో నాలుగో కావాలి. ఆ లెక్క కూడా వేశాక, నా పెన్షన్‌ని దృష్టిలో ఉంచుకుని, పూటకో రకం అని రాజీపడ్డాం.

ఇక చట్టం. 2006 నాటి ఆహార భద్రత చట్టం తెరిచి నిర్వచనాల సెక్షన్ చదివాను. ఆహారం అంటే ఏమిటో చెబుతూ, జంతువుల దాణా అందులోకి రాదని స్పష్టంగా రాశారు. అంటే జిలేబి తింటున్నది చట్టం దృష్టిలో ఆహారం కాదు. మంచిది, మరి పన్ను? 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పశువుల దాణాకు సున్నా, కోళ్ళ దాణాకు సున్నా, పిల్లి తిండి ప్యాకెట్‌కు 18 శాతం వేశారు. కల్తీ జరిగితే పట్టించుకోవడానికి అది తిండి కాదు, వసూలు చేయడానికి మాత్రం విలాసవంతమైన తిండి. ఇంత పొందికైన వైరుధ్యాన్ని రాసిన కలం ఎవరిదో, ఆ చేతికి నమస్కారం. భారతీయ ప్రమాణాల సంస్థ కుక్కల, పిల్లుల ఆహారానికి ఐఎస్ 11968 అని ఒక ప్రమాణం రాసి పెట్టింది. ఆ నంబరు ముద్ర కోసం దుకాణంలో భూతద్దం పెట్టి వెతికాను. ఆ గోడ మీద ఒక్క ప్యాకెట్ మీదా కనబడలేదు. కుర్రాడు నన్ను చూసి తన సెల్‌ఫోన్ టార్చి కూడా వేశాడు, పాపం.

"ఇంత అనుమానం ఎందుకండీ, పేరున్న కంపెనీయేగా" అంది మా ఆవిడ. అప్పుడు ఆవిడకు 2007 ఉదంతం చెప్పాల్సి వచ్చింది. చెప్పాలంటే నా వృత్తి జీవితంలో నేను ఈర్ష్యపడిన మోసం అదొక్కటే.

ప్యాకెట్ మీద 'క్రూడ్ ప్రోటీన్' అని ఉంటుంది చూడండి, దాన్ని ఎవరూ నేరుగా కొలవరు. 1883లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త కెల్డాల్ ఒక పద్ధతి కనిపెట్టాడు. తిండిలో నత్రజని ఎంతుందో కొలిచి, దాన్ని 6.25తో హెచ్చవేస్తే ప్రోటీన్ వచ్చిందనుకోవడం. గుంట తవ్వారా లేదా అన్నది చూడకుండా పక్కనున్న మట్టికుప్పని కొలిచి బిల్లు పాస్ చేసినట్టు. మట్టిని ఇంకెక్కడి నుంచైనా తోలుకొచ్చి పోస్తే? చైనాలో కొందరు సరిగ్గా ఆ పనే చేశారు. గోధుమ పిండిలోంచి తీసే ప్రోటీన్, అంటే గ్లూటెన్, అని చెప్పి అమ్మిన సరుకులో మెలమైన్ కలిపారు. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. పరీక్షలో ప్రోటీన్ దండిగా కనబడింది. మెలమైన్ అంటే మన ఇళ్ళలో ప్లేట్లు చేసే సరుకు. అంటే కంచంలో అన్నం పెట్టే బదులు కంచాన్నే వడ్డించారు. ఆ గ్లూటెన్ అమెరికా ఖండం చేరింది. కెనడాలోని మెనూ ఫుడ్స్ అనే ఒకే కంపెనీ ఎన్నో పేరున్న బ్రాండ్లకు తిండి తయారుచేసి ఇచ్చేది. 2007 మార్చి 16న ఆ కంపెనీ వెనక్కి రప్పిస్తున్నట్టు ప్రకటించిన డబ్బాలు, పౌచ్‌లు 6 కోట్లకు పైగా. మెలమైన్, దాని తోడబుట్టిన సయనూరిక్ ఆమ్లం కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టాయి. పిల్లులు, కుక్కలు చనిపోయాయి. మరుసటి ఏడాది అదే మెలమైన్ చైనాలో పసిపిల్లల పాలపొడిలో తేలింది. పిల్లులు వేసిన కొర్రీకి ఎవరైనా సకాలంలో జవాబిచ్చి ఉంటే అన్న మాట అప్పుడు నాకు తోచింది కానీ, మా ఆవిడ ముందు అనలేదు. అప్పటికే ఆవిడ చేతిలో ప్యాకెట్ కింద పెట్టేసింది.

ధర తక్కువని కుక్క తిండి పెడితే పోలేదా అని పక్కవాటా పెద్దాయన సలహా ఇచ్చాడు. ఇక్కడ టారిన్ అనే పదార్థం గురించి చెప్పాలి. కుక్క దాన్ని ఒంట్లోనే చాలామటుకు తయారుచేసుకుంటుంది, పిల్లికి సరిపడా చేసుకోవడం చేతకాదు. మాంసంలోంచి రావాలి. రాకపోతే కంటి వెనక పొర పాడై గుడ్డిదవుతుంది, గుండె కండరం సాగిపోతుంది. పిల్లి గుడ్డిదైతే ఎలుక ఎక్కిరించిందని మనవాళ్ళు అన్నారు కానీ, గుడ్డిదెందుకైంది అని ఎవరూ విచారణ వేయలేదు. 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ పశువైద్యులు వేశారు. కంపెనీ తిండి తింటున్న పిల్లులకు టారిన్ చాలక గుండెజబ్బు వస్తోందనీ, టారిన్ ఇస్తే నయమవుతోందనీ తేల్చారు. కంపెనీలు అప్పుడు మోతాదు పెంచాయి. అంతకుముందు డబ్బాల మీద కూడా సంపూర్ణాహారమనే ఉండేదని గమనించగలరు.

అయినా సరే ప్యాకెట్ మొత్తంలో చదవాల్సిన వాక్యం ఒక్కటుంటే అదే. వెనకవైపు, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఇది పిల్లికి సంపూర్ణ, సమతుల ఆహారమా, లేక పక్కన నంజుకునే తిండా? పిల్లకూనకా, పెద్దదానికా? లెక్క వేసి రాశారా, లేక పిల్లులకు తినిపించి చూశారా? తినిపించి చూడటమంటే ఆఫ్కో పద్ధతిలో పెద్ద పిల్లుల మీద కనీసం 8 పిల్లులు, 26 వారాలు. మేం ముచ్చటపడి కొన్న ఒక ట్యూనా డబ్బా ఈ పరీక్షలో నంజుడు తిండిగా తేలింది. జిలేబి వారం రోజులుగా ఆవకాయ మీద బతుకుతోందన్న మాట. మార్చాలనుకున్నా ఒక్కరోజులో మార్చకూడదు, వారం పది రోజులు పాతదాంట్లో కొత్తది కలుపుతూ పోవాలి. నచ్చక రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లి కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది. నిరాహారదీక్షలో పిల్లితో పంతానికి దిగకూడదు.

పది కిలోల బస్తా విప్పి పాలిథీన్ కవర్లో లూజుగా అమ్మే సరుకు కూడా చూశాను. తయారీ తేదీ లేదు, గడువు లేదు, పైన కప్పింది పాత క్యాలెండర్. గాలి తగిలి కొవ్వు ముక్కిపోతుంది, చెమ్మ తగిలితే బూజు. వేరుశనగకీ మొక్కజొన్నకీ పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టించే బూజు మీద పటాన్‌చెరులో ఇక్రిశాట్ వాళ్ళు పరిశోధనలు చేస్తుంటే, మనం దాన్ని కిలో చొప్పున కొనుక్కుంటామా? ఇదంతా ఎందుకు, చికెన్ కొట్టు నుంచి పచ్చి కార్జాలు తెచ్చి పడేయమని మళ్ళీ పెద్దాయనే. 2024 డిసెంబరులో అమెరికా ఓరెగాన్‌లో పచ్చి టర్కీ కోడి మాంసం ప్యాకెట్ తిన్న పిల్లి బర్డ్ ఫ్లూతో చచ్చిపోయింది. రెండు నెలలు తిరక్కుండా మన గోదావరి జిల్లాల్లో కోళ్ళకు అదే జబ్బు. ఆ మాట చెప్పాక పెద్దాయన మా ఇంటికి రావడం తగ్గించాడు.

చివరికి ఒక కంపెనీని ఎంచుకుని, కస్టమర్ కేర్‌కి పద్ధతి ప్రకారం మెమో పంపాను. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్యుల సంఘం అడగమని చెప్పిన ప్రశ్నలే. ఈ తిండి కూర్పు ఎవరు రాశారు, ఆయన చదువేమిటి? సొంత ఫ్యాక్టరీయా, వేరేవాళ్ళ దగ్గర చేయిస్తున్నారా? ప్రతి బ్యాచ్‌కీ ఏ పరీక్షలు చేస్తారు? వంద గ్రాములకు ఎన్ని క్యాలరీలు? నాలుగు రోజులకు సమాధానం వచ్చింది. నా అభిప్రాయం వారికి అమూల్యమట. జిలేబికి ముద్దులట. జతగా పది శాతం తగ్గింపు కూపన్.

రిమైండర్ ఒకటి పంపాను. ఇంకో కూపన్ వచ్చింది. రిమైండర్ రెండుకి మూడో కూపన్. ఈ మూడింటినీ అనుబంధాలుగా జతచేసి, ప్రశ్నకు బదులు రాయితీ ఇవ్వడం ప్రలోభం కిందికి వస్తుందా అన్న అంశం మీద పేరా రాద్దామని నిన్న సాయంత్రం ఫైలు తెరిస్తే కూపన్లు లేవు. మా ఆవిడ మూడూ వాడేసింది. సరుకు అల్మారాలో ఉంది, గడువు తేదీ సరిగ్గానే ఉంది, కొంత జిలేబి కడుపులో ఉంది. సాక్ష్యాన్ని తినేయడానికి నిబంధనల్లో ఏ సెక్షన్ వర్తిస్తుందో చూస్తున్నాను.