ఒకే డబ్బాలో రెండు కాపురాలు

మా కావలిలో మధ్యాహ్నం పూట కరెంటు పోయొచ్చిందంటే నాకు గుండె గుబేల్‌మంటుంది. ఫ్యాన్ కోసం కాదు, కంప్యూటర్ కోసం. దాన్ని నడిపించే సిస్టమ్‌లు విండోస్, ఉబుంటు రెండూ అందులోనే ఉంటాయి. మొన్న అలాగే పోయింది. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ‘ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’ అని ఒక్క ముక్క, పక్కన మిణుకుమిణుకుమంటూ కర్సరు. ఉబుంటు లేవలేక మధ్యలోనే ఆగిపోయిందన్నమాట. డిస్కులో తప్పులు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే కమాండు కొట్టి, అది అడిగినదానికల్లా ‘వై’, ‘వై’ అని నొక్కుతూ కూర్చున్నా. ఏం అడుగుతోందో సగం అర్థం కాలేదు.

సరే, ఉబుంటు లేచింది. ఈసారి పిల్లల ఫొటోలున్న డి డ్రైవు అలిగింది. తెరుచుకుంటుంది గానీ ఒక్క ఫైలు కూడా సేవ్ చేయనివ్వదు. ఎందుకయ్యా అంటే విండోస్‌లో త్వరగా లేవడానికి పెట్టిన ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంది. షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి పోతుందంతే. అందుకే డ్రైవు ఇంకా వాడకంలోనే ఉందని ఉబుంటు ముట్టుకోదు. ఉబుంటులో ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ అనే కమాండు ఉంది గానీ, అది పైపైన తుడుస్తుందంతే. అసలు రిపేరు కావాలంటే విండోస్‌లోకి వెళ్లి, డ్రైవులో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ నడపాల్సిందే. దీని రోగానికి అక్కడ మందు, దాని రోగానికి ఇక్కడ మందు!

ట్రంకు రోడ్డులో షాపు కుర్రాణ్ణి అడిగితే, “ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా” అన్నాడు. అంటే ఉన్నదంతా తుడిచేయడం. జలుబు చేస్తే ముక్కు కోసేసే వైద్యం.

ఇప్పుడు చెక్‌డిస్క్ 11 శాతం దగ్గర గంట నుంచీ కదల్లేదు. మధ్యలో ఆపాలంటే భయం. బయటేమో మబ్బేసి, ఈదురుగాలి మొదలైంది.