మడి కట్టుకున్న ఇంజను

బెజవాడకు కూతవేటు దూరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ. అందులో ఆటోమొబైల్ ల్యాబ్. ల్యాబ్ మధ్యలో నాలుగు సిలిండర్ల ఇంజను. లోపలి సంగతులు కనబడేలా దాన్ని నిలువునా కోసి, పిస్టన్లకు ఎర్ర రంగు, వాల్వులకు పసుపు, నీళ్ళు పారే దారికి నీలం పూసి, పెళ్ళికూతుర్ని చేసి నిలబెట్టారు. చుట్టూ తాడు కట్టారు. తాడుకు ఒక బోర్డు వేలాడుతోంది. దాని మీద రెండు భాషల్లో ఒకటే మాట: ముట్టుకోరాదు.

ఫీజు కట్టడానికి మా అక్క కొడుకుతో వెళ్ళిన నేను ఆ బోర్డు దగ్గర ఆగిపోయాను. వాడు మూడో సంవత్సరం. "ఎప్పుడైనా ముట్టుకున్నావురా?" అని అడిగాను. వాడు అటూ ఇటూ చూసి, "ఒక్కసారి మావయ్యా, ఎవరూ లేనప్పుడు" అన్నాడు, దొంగచాటుగా సిగరెట్టు కాల్చిన సంగతి ఒప్పుకుంటున్నట్టు.

మొదట నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి మజ్జిగ తాగాక ఆలోచిస్తే అందులోని సంప్రదాయం బోధపడింది. ఆ ఇంజను మడి కట్టుకుంది. మా నాయనమ్మ ఆవకాయ జాడీ దగ్గరికి మమ్మల్ని రానిచ్చేదా? దూరం నుంచి రంగు చూడొచ్చు, వాసన పీల్చొచ్చు, చెయ్యి పెట్టావో జాడీ మొత్తం బూజు పడుతుంది. పిల్లలు చెయ్యేస్తే పిస్టన్లకు కూడా బూజు పడుతుందని ల్యాబ్ ఇన్‌చార్జి భయం కాబోలు. ఏడాదికొక్కసారి, ఆయుధపూజ నాడు మాత్రం తాడు విప్పుతారు. అటెండరు స్నానం చేసి వచ్చి పిస్టన్‌కు కుంకుమ బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మళ్ళీ తాడు కట్టేస్తాడు. కొత్త బండి కొంటే దుర్గమ్మ కొండ కింద పూజ చేయించనిదే రోడ్డెక్కని ఊరు మనది, కాబట్టి పూజను నేను తప్పుపట్టను. కాకపోతే అక్కడ పూజయ్యాక బండి కదులుతుంది.

ఆ బోర్డు 1888లో జర్మనీలో ఉండి ఉంటే ఏమయ్యేదో చూడండి. ఆ ఆగస్టులో బెర్తా బెంజ్ అనే ఆవిడ, మొగుడు చేసిన మూడు చక్రాల మోటారు బండిని ఆయనతో చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. ఇంధనం గొట్టంలో నలక అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. వైరు ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగితే దారిలో చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొంది. ప్రపంచంలో మొట్టమొదటి దూరప్రయాణపు మెకానిక్ ఆవిడే. కానీ మా వాడి ల్యాబులో ఆవిడ అడుగు పెట్టలేదు. రికార్డు సబ్మిట్ చేయలేదు కదా!

రికార్డంటే గుర్తొచ్చింది. మా వాడి ఆటోమొబైల్ రికార్డు తెరిచి చూశాను. ఎయిమ్: క్లచ్‌ను స్టడీ చేయుట. అప్పారటస్: క్లచ్. రిజల్ట్: క్లచ్‌ను స్టడీ చేయడమైనది. తర్వాతి పేజీలో గేరుబాక్సును, ఆ తర్వాత డిఫరెన్షియల్‌ను ఇలాగే స్టడీ చేసి పారేశారు. చివర్లో జాగ్రత్తలు రాశారు: వదులు దుస్తులు ధరించరాదు, తిరుగుతున్న భాగాలను తాకరాదు. ల్యాబు మొత్తంలో తిరిగే భాగం సీలింగ్ ఫ్యాను ఒక్కటే కనుక ఆ జాగ్రత్తలు నూటికి నూరుపాళ్ళు అమలవుతున్నాయి. బొమ్మలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. సీనియర్ రికార్డు కింద లైటు పెట్టి, పైన తెల్లకాగితం పరిచి దింపినవి.

సిలబస్ మాట చెప్పాలా? మా వాడు గాలిలో పెట్రోలు కలిపే సోలెక్స్ కార్బురేటర్ బొమ్మను కళ్ళు మూసుకుని వేస్తాడు. వాడి బైకులో కార్బురేటర్ లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో దాని చోట పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు వచ్చి కూర్చుంది. కార్బురేటర్‌లో గొట్టం సన్నబడ్డ చోట గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి పడిపోతుంది, పెట్రోలు తనంతట తానే పైకి లేచి గాలిలో కలుస్తుంది. ఎంత ముచ్చటైన ఉపాయం! అది తెలియాల్సిందే. అది తెలిసినవాడికి తన కాళ్ళ మధ్య ఉన్న ఇంజనులోకి పెట్రోలు ఎలా వెళ్తోందో కూడా తెలియొద్దా అన్నదే నా బాధ.

కిందటి వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఎగ్జామినర్ "ఆటోలో ఏ స్టీరింగ్ ఉంటుంది?" అని అడిగితే క్లాసు క్లాసంతా "అకర్‌మన్ స్టీరింగ్" అందట. ఎగ్జామినర్ మార్కులేశాడట! మలుపులో ముందు చక్రాల్లో లోపలిది ఎక్కువ మళ్ళాలి, బయటిది తక్కువ మళ్ళాలి, ఆ తగువు తీర్చడానికి వచ్చింది అకర్‌మన్. ఆటోకు ముందు ఉన్నదే ఒక్క చక్రం. అది ఎవరితో తగువు పడుతుంది? రోజూ బెంజ్ సర్కిల్ దగ్గర షేర్ ఆటో ఎక్కి దిగే పిల్లలు అరవై మంది, ముందు చక్రాలెన్నో ఒక్కడూ లెక్కపెట్టుకోలేదు. అన్నట్టు ఆ పద్ధతి కనిపెట్టింది అకర్‌మన్ కాదు. మ్యూనిక్‌లో గుర్రపు బండ్లు చేసే లాంకెన్‌స్పెర్గర్ అనే మేస్త్రీ. అకర్‌మన్ లండన్‌లో పుస్తకాలు అచ్చేసుకునే పెద్దమనిషి, 1818లో పేటెంటు కాగితం మీద సంతకం ఆయనది. చేసినవాడి పేరు పోయి కాగితం పట్టుకున్నవాడి పేరు నిలిచింది. ఈ సంగతి మా కాలేజీ వాళ్ళకు తెలిస్తే ఆయన ఫొటోకు దండేస్తారు.

ఇక అసలు కథ. మొన్న ఫిబ్రవరిలో పొద్దున్నే మా వాడు ఫోను చేశాడు. "మావయ్యా, తాతయ్య లేత్ షాపు దగ్గర మీకు మేస్త్రీలు తెలుసు కదా. మా డిపార్ట్‌మెంటు హెడ్డు, హెచ్‌ఓడీ సార్ అర్జెంటుగా ఒకర్ని తీసుకురమ్మంటున్నారు. వెనక గేటు నుంచి." పదకొండింటికి కాలేజీ తనిఖీకి కమిటీ వస్తోందట. మా నాన్నకు ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. నాకు ఆ పని చేతకాక రాతల్లో పడ్డాను. నాన్న దగ్గర పని నేర్చుకున్న మేస్త్రీ ఒకాయన్ని బైకు మీద ఎక్కించుకుని, అడిగినట్టే వెనక గేటు నుంచి వెళ్ళాను.

ల్యాబు మూలన ఇంకో ఇంజను ఉంది. ఒక్క సిలిండరు, 5 హార్స్‌పవరు, నిమిషానికి 1500 చుట్లు, హ్యాండిల్‌తో తిప్పి స్టార్ట్ చేసే డీజిల్ ఇంజను. కాలేజీలో దాన్ని టెస్ట్ రిగ్ అంటారు. పల్లెల్లో ఆయిల్ ఇంజను అంటారు, మాగాణికి నీళ్ళు తోడేవాళ్ళు. దాని చుట్టూ ఒక ప్రొఫెసరు, ఇద్దరు అసోసియేట్లు, నలుగురు అసిస్టెంట్లు వంతులవారీగా హ్యాండిల్ తిప్పుతున్నారు. సగం చుట్టు తిరిగేసరికి అది వెనక్కి తంతోంది. ఒకాయన అప్పటికే మణికట్టుకు కర్చీఫు కట్టుకున్నాడు. లోపలి గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే కంప్రెషన్ రేషియో 16.5 అని వెనక చార్టులో పెద్దక్షరాలతో ఉంది. ఆ అంకెకు అర్థం వాళ్ళ భుజాలకు ఆ పూటే తెలిసింది.

మేస్త్రీ ముందు ట్యాంకు మూత తీసి చూశాడు. "డీజిల్ ఏదండీ?"

డీజిల్‌కు ఇండెంటు పెట్టారట. మూడు కాపీలు. ప్రిన్సిపాల్ సంతకం అయింది, అకౌంట్స్‌లో ఆగింది. ఒక అసిస్టెంట్ ప్రొఫెసరు చొరవ తీసుకుని, "నా స్కూటీలో లీటరు పెట్రోలు ఉంది, ప్రస్తుతానికి అది పోద్దామా?" అన్నాడు. మేస్త్రీ ఆయన్ని జాలిగా చూశాడు. "వద్దు సార్. డీజిల్‌కి జిడ్డుంటుంది, పంపుకి అదే ఆయిలు. పెట్రోలు పోస్తే పంపు పట్టేస్తుంది." తన క్యానులో తెచ్చుకున్న డీజిల్ పోశాడు. పంపు దగ్గర చిన్న స్క్రూ ఒకటి పానాతో వదులు చేశాడు. బుడగలు బుడగలుగా డీజిల్ వచ్చింది. బుడగలు ఆగి సన్నటి ధార కట్టేదాకా చూసి మళ్ళీ బిగించాడు. "ఎయిర్ పట్టిందండీ. ఎన్ని నెలలు ఖాళీగా ఉందో." ఎన్ని నెలలో ఎవరూ చెప్పలేదు.

తర్వాత హెడ్డు మీదున్న చిన్న లివరు ఎత్తాడు. "ఇది ఎత్తకుండా భీముడొచ్చినా తిప్పలేడు సార్. లోపల గాలి నొక్కుకుంటది కదా, ముందు దాన్ని వదిలెయ్యాలి. చక్రం ఊపందుకున్నాక లివరు దించాలి. అప్పుడు ఆ ఊపే గాలిని నొక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది." మా వాడి వైపు తిరిగి, "బాబూ, హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు చుట్టూ వెయ్యకు. నాలుగు వేళ్ళతో పాటు ఒకే వైపు పెట్టు. వెనక్కి తంతే వేలు విరుగుద్ది" అన్నాడు. మూడేళ్ళలో ఎవరైనా వాడి చేతిని గురించి మాట్లాడటం అదే మొదటిసారి. మా వాడే తిప్పాడు. మేస్త్రీ లివరు దించాడు. డగ్ డగ్ డగ్. ప్రొఫెసరు చప్పట్లు కొట్టాడు.

ఇంతలో కమిటీ వచ్చింది. మేస్త్రీ ఖాకీ చొక్కా మీద ఎవరిదో తెల్లకోటు తొడిగారు. చైర్మన్‌గారు ఆయన్ని చూసి, "ఎన్నేళ్ళ అనుభవం?" అన్నారు. "ముప్పై ఏళ్ళండీ" అన్నాడు మేస్త్రీ, ఉన్నమాటే. చైర్మన్‌గారు సంతోషించి ఏదో రాసుకున్నారు. చదువెంత అని అడగబోయేసరికి హెచ్‌ఓడీ దూరి, మేస్త్రీ భుజం మీద చెయ్యేసి, టీ తాగి రమ్మని క్యాంటీన్‌కు పంపేశాడు.

కొంపమునిగింది అక్కడే. చైర్మన్‌గారు ఏదో అడుగుతున్నారు, చప్పుడులో వినబడటం లేదు. "ఇక ఆపండి" అని చేత్తో సైగ చేశారు. ఏడుగురు పండితులు ఇంజను చుట్టూ ప్రదక్షిణం చేశారు. స్విచ్ ఎక్కడ? తాళంచెవి ఎక్కడ? ఇంజను వెనక లేదు, కింద లేదు. ఒకాయన గోడ మీదున్న స్విచ్చులన్నీ వరసగా నొక్కాడు. లైట్లు పోయాయి. ఫ్యాన్లు ఆగాయి. ఇంకొకాయన పరుగున వెళ్ళి మెయిన్ దించాడు. ప్రొజెక్టరు ఆరిపోయింది, పక్క గదిలో పరీక్ష రాస్తున్న కంప్యూటర్లు ఆరిపోయాయి, లిఫ్టులో కరస్పాండెంటుగారు ఇరుక్కుపోయారు. చీకట్లో ఇంజను ఒక్కటే డగ్ డగ్ డగ్ అని నవ్వుతోంది. డీజిల్ ఇంజను నడవడానికి కరెంటు అక్కర్లేదని, ఆపాలంటే డీజిల్ కట్ చెయ్యాలని యూనిట్ రెండులో ఉంది. ఆ యూనిట్‌ను వాళ్ళే చెబుతారు.

మా వాడు క్యాంటీన్‌కు పరిగెత్తాడు. మేస్త్రీ టీ కప్పుతో సహా వచ్చి, పంపు పక్కనున్న లివరును ఒక్క వేలితో పక్కకు నొక్కాడు. ఇంజను ఆగింది. టీ ఒక్క చుక్క కూడా ఒలకలేదు. చైర్మన్‌గారు చీకట్లోనే మెచ్చుకున్నారు: "కరెంటు పోయినా ల్యాబ్ ఆగలేదు. పవర్ బ్యాకప్ చాలా బాగుంది."

ఇక్కడిదాకా నవ్వుకుంటూ రాశాను. ఇక నవ్వు రావడం లేదు.

ఆటోనగర్ ఆ కాలేజీ నుంచి బైకు మీద పావుగంట. లారీకి బాడీ కట్టేవాళ్ళు, క్రాంక్ గ్రైండింగ్ చేసేవాళ్ళు, కమాను కట్టలు కొట్టేవాళ్ళు, పంపు చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్ళు వీధివీధికీ ఉన్నారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఏ బేరింగు పోయిందో చెప్పే మనుషులు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువవుతోందని పదమూడేళ్ళ కుర్రాడు చెబుతాడక్కడ. ఆ కుర్రాడు బళ్ళో ఉండాల్సినవాడు, అది వేరే ఏడుపు. మూడేళ్ళలో ఒక్కరోజు, ఒక్కపూట ఈ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళలేదు. ఇండస్ట్రియల్ టూరని ఊటీ తీసుకెళ్ళారు.

ఎందుకు తీసుకెళ్ళరంటే, అక్కడ చేతులకు మసి అంటుతుంది. ఇంజినీరు అనేవాడు మసి అంటనివాడు. ముట్టుకోరాదు అన్న మాట ఈ దేశంలో ఎవరు ఎవరిని అన్నారో నేను చెప్పక్కర్లేదు. పని చేసే చేతిని గుమ్మం బయట నిలబెట్టి, ఆ పని గురించి పద్యాలు చదివేవాడికి పీట వేసిన బుద్ధే ఇవాళ తాడు కట్టి, రంగులేసి, బోర్డు పెట్టింది. మేస్త్రీకి వెనక గేటు చూపించింది ఎవరు? ముప్పై ఏళ్ళ విద్యను అరువు కోటు కింద దాచింది ఎవరు? ఇంతా చేసి ఆ ల్యాబు పేరు చెప్పి ఏటా ఫీజు లాగుతున్నారు. సగం సర్కారు రీయింబర్స్‌మెంట్, సగం ఏ మిరపచేలోనో నడుం విరిగినవాడి డబ్బు. సిగ్గుండాలి. లెక్చరర్లను తిట్టి లాభం లేదు, వాళ్ళూ ఇలాంటి తాడు అవతల నిలబడి చదువుకున్నవాళ్ళే. వాళ్ళ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉంటాయి, జీతం మూడు నెలలకోసారి కనబడుతుంది. బీరువా తాళం ఎవరి జేబులో ఉందో వాళ్ళను అంటున్నాను.

మేస్త్రీకి ఇవ్వాల్సిన డబ్బుకు అకౌంట్స్ వాళ్ళు మూడు కొటేషన్లు అడిగారు. నేనే ఇచ్చి పంపాను. హ్యాండిల్‌ను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆయిల్ ఇంజనుకు కూడా ఇప్పుడు తాడు కట్టారట.

మా వాడు ఆదివారాలు ఆ మేస్త్రీ షెడ్డుకు వెళ్తున్నాడు. నాకు చెప్పాడు, ఇంట్లో చెప్పలేదు. మొన్న అక్క ఫోను చేసింది.

"వీడి చొక్కా నిండా గ్రీజు మరకలేంట్రా? సర్ఫులో నానబెట్టినా పోవడం లేదు."

"కాలేజీ ల్యాబులో అంటుకుని ఉంటుందిలే అక్కా."

"ల్యాబులో గ్రీజెందుకుంటుందిరా?" అంది అక్క.