ఎనిమిదో రోజు నుంచి

రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవారికి ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025 మే నెలలో అమల్లోకి తెచ్చింది. మంచి పనే. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని బరంపురం మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీదైనా, సాలూరు నుంచి కోరాపుట్ ఎక్కే ఘాట్ మలుపుల్లోనైనా, తలకు దెబ్బ తగిలి పడిపోయిన మనిషికి తొలి గంటలే కీలకం. ముందు డబ్బు కట్టమని ఆసుపత్రి ఆపకపోతే ఇంకొందరు బతికి బట్టకడతారు. మేం అడుగుతున్నది ఎనిమిదో రోజు సంగతి, తలగాయమైన మనిషి మళ్లీ పనిలో నిలబడే సంగతి. మూడో నెల సంగతి, రెండో ఏడాది సంగతి.

చెయ్యి విరిగితే కట్టు కనిపిస్తుంది, ఎవరూ బరువు మొయ్యమనరు. తలగాయానికి ఆ సౌకర్యం లేదు. కుట్లు మాని, జుట్టు పెరిగి, మనిషి వీధిలోకి నడిచి వస్తే ‘ఇంకేం, రాయిలా ఉన్నాడు, పనికి పోవచ్చుగా’ అంటారు. అసలు సంగతి పనికి వెళ్లాకే తెలుస్తుంది. బరంపురంలో ఏదో ఒక బట్టల కొట్టు గుమాస్తాను తీసుకోండి. ఏళ్ల తరబడి నోటిలెక్కతో బిల్లు చెప్పినవాడు. ఒక పక్క ఒడియాలో బేరం, ఇంకో పక్క తెలుగులో పిలుపు, మధ్యలో ఫోన్ మోత. ఒకప్పుడు అతనికివి లెక్కలోవే కావు. ఇప్పుడు రెండో మనిషి నోరు తెరిచేసరికి మొదటి మనిషి ఐదొందలు ఇచ్చాడో రెండొందలు ఇచ్చాడో గుర్తుండదు. మధ్యాహ్నం మూడు దాటితే తల దిమ్మెక్కిపోతుంది, చిన్న మాటకే అరుస్తాడు. సాయంత్రం షావుకారు ‘తాగొచ్చావా?’ అంటాడు. నెల తిరిగేలోపు ‘ఇంకొన్నాళ్లు ఇంట్లో రెస్ట్ తీసుకోవయ్యా’ అని పంపేస్తాడు. పని పోయిందని ఎవరూ పైకి చెప్పరు.

ఇది బద్ధకమూ కాదు, పొగరూ కాదు. దేని మీద దృష్టి పెట్టాలో, ఏది ముందు ఏది వెనకో, కోపాన్ని ఎక్కడ ఆపుకోవాలో చూసుకునేది ప్రధానంగా మెదడు ముందుభాగం. బండి మీద నుంచి పడ్డప్పుడు ఎక్కువగా నలిగే చోట్లలో అదొకటి. దెబ్బతిన్న మెదడుకు మామూలు పనికి కూడా ఎక్కువ శక్తి కావాలి, అందుకే ఆ అలసట. తలగాయం, పక్షవాతం వంటివి వచ్చినవారిలో ఒకటి రెండేళ్లకు తిరిగి పనిలో ఉన్నవారు దాదాపు 40 శాతమని పలు విదేశీ అధ్యయనాలను కలిపి చూసినవారు తేల్చారు. అక్కడ పునరావాస కేంద్రాలున్నాయి, సెలవు జీతాలున్నాయి. గుణుపురంలోనో జయపురంలోనో రోజుకూలీకి ఏమున్నాయి?

వైద్య పుస్తకాల్లో తరచూ కనిపించే పాత కేసు ఒకటుంది. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం పనిలో పేలుడు జరిగి, ఫినియస్ గేజ్ అనే మేస్త్రీ తలలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయింది. బతికాడు గానీ స్వభావం మారిపోయిందని పాత పని ఇవ్వలేదు. కథ చెప్పేవాళ్లు చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆ తర్వాత అతను చిలీ వెళ్లి కొన్నేళ్లు గుర్రబ్బండి తోలాడు. రోజూ ఒకే పద్ధతిలో సాగే పని దొరకడమే అతన్ని నిలబెట్టిందని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

మన దగ్గర దీన్ని పరీక్షించి చూడాలంటే బరంపురం పట్టు మగ్గం చాలు. ఆ నేతలో తరాలుగా ఉన్న కుటుంబాల్లో తెలుగువాళ్లు చాలామందే. చేతికి అలవాటైన పని జ్ఞాపకం మాటల జ్ఞాపకంలాంటిది కాదు, దాని దారి వేరు. నిన్న ఎవరొచ్చారో చెప్పలేని నేతగాడు మగ్గం ముందు కూర్చోగానే కాలూ చెయ్యీ వాటి పని అవి చేసుకుపోవచ్చు. తడబడేది కొత్త డిజైను ఎత్తుకున్నప్పుడు, అంచు లెక్క తప్పినప్పుడు, పట్టు ఎంత తెచ్చాడో చీరలు ఎన్ని ఇచ్చాడో షావుకారుతో తేల్చుకునేటప్పుడు. అలాంటివాడికి పాత డిజైనే ఇచ్చి, లెక్క ఇంట్లో ఇంకొకరు చూస్తే మగ్గం ఆగదు. మొత్తానికే కూర్చోబెడితే పోయేది కూలి ఒక్కటే కాదు, ఉన్న అలవాటు కూడా.

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఆపరేషన్ విశాఖలో, వైకల్య సర్టిఫికెట్ ఒడిశాలో, పునరావాసానికి పెద్ద జాతీయ సంస్థ కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో. రాయగడ నుంచి అక్కడికి మనిషిని తోడు తీసుకుని ఎన్నిసార్లు వెళ్లగలరు? పైగా జ్ఞాపకశక్తి పరీక్ష అంటే మాటలు వినిపించి, కాసేపాగి మళ్లీ చెప్పమనడం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా మాట్లాడే మనిషిని ఒడియాలో మాత్రమే పరీక్షిస్తే తేలేది మెదడు లోపమా, భాష లోపమా? దెబ్బ తర్వాత రెండు భాషలూ ఒకే తీరున తిరిగి రావాలని లేదు, ఒకటి ముందు, ఒకటి వెనక కావచ్చు. అలాగని రెండు భాషలు భారమేమీ కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగుల వివరాలతో 2016లో వచ్చిన అధ్యయనంలో, ఆలోచనా శక్తి మామూలుగా ఉన్నవారు రెండు భాషలు వచ్చినవారిలో 40.5 శాతం, ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం. మన సరిహద్దు జనానికి ఇది ఊరటనిచ్చే మాటే. పరీక్షలు తెలుగులో లేవనడానికీ వీల్లేదు. మతిమరుపు జబ్బుల కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారుచేయించిన పరీక్షలు తెలుగులోనూ ఉన్నాయి. తలగాయానికి అవి పూర్తిగా సరిపోకపోవచ్చు గానీ, మొదలుపెట్టడానికి అవి చాలు.

చట్టం దగ్గరికి వద్దాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది. మాట పడిపోవడం ఒక రకం కింద వస్తుంది గానీ, తలగాయం అన్న పేరుతో విడిగా ఏదీ లేదు. అయినా అందులోని 20వ సెక్షన్ గట్టిది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి, ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి ఉంచాలి. ఈ ముక్క తెలియక ‘పరువుగా’ స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం మీద సంతకం పెట్టే కుటుంబాలున్నాయి. పెట్టకండి. ప్రైవేటు సంస్థలకు అంత కట్టడి లేదు గానీ, సమాన అవకాశాల విధానం ప్రకటించాల్సిన బాధ్యత వాటికీ ఉంది. రాయగడ చుట్టుపక్కల కర్మాగారాల గేటు దగ్గర ఆ కాగితం అంటించి ఉందా లేదా కార్మిక సంఘాలు ఒకసారి చూడాలి.

రోడ్డు ప్రమాద నష్టపరిహారం కేసుల్లో 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట లాయర్లందరికీ తెలుసు: వైకల్యం శాతమూ, సంపాదన నష్టం శాతమూ ఒకటి కావు. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోవచ్చు, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగమే పోకపోవచ్చు అని కోర్టు ఉదాహరణ ఇచ్చింది. తలగాయంలో ఇది తిరగబడొచ్చు. కాళ్లూ చేతులూ బాగానే ఉన్న గుమాస్తాయే ఎక్కువ నష్టపోవచ్చు. ఆ సంగతి ట్రిబ్యునల్ ముందు నిరూపించాలంటే ఎక్స్‌రేలు సరిపోవు, జ్ఞాపకశక్తి పరీక్ష రిపోర్టు కావాలి. మళ్లీ అదే చిక్కు.

ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లనైతే ఈ లెక్కలో ఎవరూ అడగనే అడగరు. పొయ్యి మీద పాలు మర్చిపోయిందని తిట్లు, అంతే.

డాక్టర్లను మేం కోరేది చిన్నదే. డిశ్చార్జి కాగితం మీద ‘రెస్ట్’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ఎప్పటి నుంచి, రోజుకు ఎన్ని గంటలు, ఏ పని చెయ్యొచ్చు, ఏది వద్దు అన్నది రాయండి. ఫిట్స్ వచ్చినవారు నిచ్చెన ఎక్కకూడదు, యంత్రం దగ్గర నిలబడకూడదు, డాక్టరు సరేననేదాకా బండి తోలకూడదు. మాత్రలు సొంతంగా ఆపకూడదు. యజమానులకు ఆ కాగితమే దారి చూపుతుంది. మొదట రోజుకు రెండు మూడు గంటలు, అదీ ఉదయం పూట. ఒకసారికి ఒకే పని, చెయ్యాల్సినవి చీటీ మీద రాసి ఇవ్వడం, అలసట రాకముందే కాసేపు విరామం, సందేహం వస్తే అడగడానికి ఒకే మనిషి. ఓపికను బట్టి వారం పది రోజులకోసారి కాస్త పెంచడం. మొదటి నెలలోనే పూర్తి డ్యూటీ వేసి, చేతకాలేదని ముద్ర వేస్తే అతను మళ్లీ పని అడగడానికే జంకుతాడు.

బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో వారానికి ఒక పూట తలగాయం నుంచి కోలుకుంటున్నవారికి ప్రత్యేక ఓపీ నడపాలి. రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు, తెలుగు వచ్చిన ఒక సైకాలజిస్టు, సర్టిఫికెట్ పని చూసే ఒక గుమాస్తా ఆ పూట అక్కడ కూర్చోవాలి. విశాఖ ఆసుపత్రి ఇచ్చిన కాగితాలను అక్కడే తీసుకోవాలి, ‘ఒడియాలో రాయించుకు రండి’ అని తిప్పి పంపకూడదు. కోరాపుట్ మెడికల్ కాలేజీలోనూ ఇదే జరగాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ కలెక్టర్లు ఆరోగ్య శాఖకు రాస్తే వచ్చే బడ్జెట్ లోపే మొదలుపెట్టొచ్చు.