వయొలిన్ మొదటి రెండేళ్లు ఫోన్‌లో నేర్పించకండి

కొత్తగా వయొలిన్ పట్టే పిల్లలకు మొదటి రెండేళ్లు ఆన్‌లైన్ క్లాసులు వద్దు. ఒడిశాలోని రాయగడలో వయొలిన్ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి నా పొట్ట కోసమే అంటున్నానని కొందరికి అనిపిస్తుంది. అనిపించనివ్వండి. పాడైపోతున్న చేతుల్ని చూస్తున్నది నేను.

ఈమధ్య మా ఊరి తెలుగు ఇళ్లలో ఇదే వరస. పిల్ల స్కూలు నుంచి వచ్చి, ట్యూషన్‌కి వెళ్లి, మళ్లీ సంగీతానికి ఎక్కడ తిరుగుతుంది, ఫోన్‌లో అయితే ఇంట్లోనే అయిపోతుంది కదా అంటారు. "హైదరాబాద్ మేడం గారు మాస్టారూ, యూట్యూబ్‌లో చాలా పేరుంది" అని కూడా అంటారు. ఆ మేడం గారి విద్వత్తు మీద నాకు గౌరవమే. కానీ ఆవిడకి ఆ పిల్ల కాలు కనిపించదు.

కాలేమిటంటారా? మన పద్ధతిలో కింద కూర్చుని, కుడికాలు కాస్త ముందుకు పెట్టి, వయొలిన్ తలను చీలమండ మీద ఆనిస్తాం. రెండో కొస ఎడమ భుజానికీ ఛాతీకీ మధ్య ఒదుగుతుంది. ఈ రెండు చోట్లా ఆనిక గట్టిగా ఉంటే ఎడమ చేతికి మోసే పని ఉండదు. తీగ మీద పైకీ కిందికీ జారడమే దాని పని, మన గమకమంతా, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడమంతా, ఆ జారుడులోనే ఉంది. ఫోనేమో మొహం కనిపించేలా ఎదురుగా పెడతారు. చీలమండ దగ్గర వాయిద్యం జారుతుంటే పిల్ల తనకు తెలియకుండానే బొటనవేలితో మెడను బిగించి పట్టుకుంటుంది. మణికట్టు వంగిపోయి చెక్కకి అతుక్కుంటుంది. మొదటి పాఠాలైన సరళీ వరసల్లో ఇదేమీ బయటపడదు, స్వరం సరిగ్గానే పలుకుతుంది, అవతల నుంచి "వెరీ గుడ్ నాన్నా" అని వినిపిస్తుంది. గమకాలుండే పెద్ద పాఠం, వర్ణం, దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కదలదు.

అలా ఏడాది పైగా నేర్చుకున్న పిల్ల ఒకతి నా దగ్గరికి వచ్చింది. జంటలు, అలంకారాలు, గీతాలు లాంటి తొలి పాఠాలన్నీ నోటికి వచ్చు, మంచి చెవి కూడా. ఏ స్వరమూ వద్దు, ఉత్త తీగ మీద కమాను (తీగల మీద లాగే పుల్ల) నిదానంగా లాగమ్మా అన్నాను. తీగల్ని మోసే బ్రిడ్జి దగ్గర మొదలైన కమాను వాలుకుంటూ వేళ్ల పలక మీదికి పోయింది. సగం దూరం నాదం, మిగతా సగం ఈల. మళ్లీ లాగింది, మళ్లీ అంతే. "ఇది తప్పని నాకెవరూ చెప్పలేదు మాస్టారూ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరైనా ఎలా చెబుతారు? పక్కన కూర్చుని మోచెయ్యి పట్టుకుని దారి చూపిస్తే ఒక్క వారంలో కుదిరే సంగతి అది. అలవాటైపోయాక నెలలు పడుతుంది.

ఇక శబ్దం సంగతి. వీడియో కాల్ యాప్‌లు మాటల కోసం చేసినవి. ఆగకుండా వచ్చే మోతను ఫ్యాను చప్పుడనుకుని అణిచేస్తాయి. తంబురా శ్రుతి మాయమైపోతుంది, కమాను పొడుగ్గా లాగితే నాదం మధ్యలో సన్నబడిపోతుంది. పైగా అటూ ఇటూ ఆలస్యం ఉంటుంది కాబట్టి గురువూ శిష్యుడూ కలిసి వాయించడం కుదరదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. వయొలిన్‌కి వీణకున్నట్టు మెట్లుండవు, వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలి. గురువు వాయిస్తుంటే అందులో తన స్వరం కలిసిపోయిందా, అంచున గీరుకుంటోందా అని పిల్ల వింటూ సర్దుకోవడమే అసలు పాఠం. తీగలు స ప స ప శ్రుతి చేస్తాం. మొదట నేర్పే మాయామాళవగౌళ రాగంలో మధ్య షడ్జం (మధ్య స్థాయి స) తీగ మీద సరిగమకి వేళ్లు ఎంత దూరంలో పడతాయో, పక్క తీగ మీద పదనిసకీ అంతే దూరంలో పడతాయి. ఒక తీగ మీద కుదిరిన చెయ్యి రెండో తీగ మీద దానంతటదే కుదురుతుంది. ఒక తీగ మీద తప్పితే రెండో చోటా అదే తప్పు.

మనదేమీ సంగీతం ఎరగని మూల కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా రాయగడ విశాఖపట్నం జిల్లాలోదే. రైలెక్కితే పార్వతీపురం, బొబ్బిలి దాటాక విజయనగరం. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. ఆ గాలి తగిలినవాళ్లు ఈ చిన్న ఊళ్లలో ఇప్పటికీ ఒకరో ఇద్దరో ఉన్నారు. పిల్లలు రావడం మానేస్తే వాళ్లూ మానేస్తారు, తర్వాత కావాలన్నా దొరకరు.

మన పిల్లల సంగతి మనకే తెలుస్తుంది కూడా. నా దగ్గరికి వచ్చే తెలుగు పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, స్కూల్లో ఒడియా, ఇంగ్లిష్. స్వరాలు ఒడియా అక్షరాల్లోనే రాసుకుంటారు. కీర్తన సాహిత్యం నేను చెబుతుంటే రాసుకుని, ఒక్కో మాటకీ అర్థం అడుగుతారు. సిటీ నుంచి వచ్చే తెలుగు పీడీఎఫ్ వాళ్లకి ఫోన్‌లో ఉత్త బొమ్మ.

ఊళ్లో నేర్పేవాళ్లే లేకపోతే? కాశీపూర్ నుంచో బిస్సంకటక్ నుంచో రోజూ రమ్మని నేను అనను. నెలకోసారైనా పిల్లను ఎదురుగా కూర్చోబెట్టండి. మిగతా రోజులు ఫోన్‌ని కుడిపక్కన, నేల మీద, కాస్త దూరంగా పెట్టండి, కాలూ కమానూ రెండూ కనబడాలి. నాయిస్ తగ్గించే సెట్టింగ్ తీసేయండి. పాఠం వాయించి, రికార్డ్ చేసి పంపిస్తే లైవ్ కాల్ కన్నా ఎంతో స్పష్టంగా వినిపిస్తుంది. వర్ణాలు దాటిన పిల్లలైతే ఏ ఊరి విద్వాంసుల దగ్గరైనా ఆన్‌లైన్‌లో హాయిగా నేర్చుకోవచ్చు, నేనే పంపిస్తాను.

సిటీలో చెప్పే టీచర్లకు ఒక్క విన్నపం. సరిహద్దు ఊళ్ల నుంచి కొత్త పిల్లలు ఎవరైనా ఫోన్ చేస్తే, ఫీజు మాట్లాడే ముందు "మీ ఊళ్లో నేర్పేవాళ్లు ఉన్నారా అమ్మా?" అని అడగండి. ఉన్నారంటే ముందు అక్కడికి పంపండి.