లేవడం తెలియని బోర్డుకు నిద్ర ఎందుకు?

ఎంబెడెడ్ లైనక్స్ బోర్డు (పరికరాల్లో అమర్చే, లైనక్స్‌తో నడిచే చిన్న కంప్యూటరు) వివరాల్లో "సస్పెండ్ సౌకర్యం కలదు", అంటే కరెంటు ఆదా కోసం నిద్రపోగలదు, అన్న వాక్యం కనిపించినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం వస్తుంది: నిద్రపోతుంది సరే, దేనికి లేస్తుంది? ఈ ప్రశ్నకు సర్క్యూట్ గీసే రోజునే జవాబు రాసుకోవాలి. మనవాళ్లు మాత్రం దాన్ని సాఫ్ట్‌వేర్ వాళ్లు చివరి వారంలో చూసుకునే పనిగా వదిలేస్తారు.

నిద్ర ఆజ్ఞ ఇచ్చే పవర్ స్టేట్ ఫైలులో "మెమ్" అని రాయడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ ఒక్క మాటతో లైనక్స్‌కు గుండెకాయ లాంటి కర్నెల్, నడుస్తున్న ప్రోగ్రాములను స్తంభింపజేసి, ఒక్కో పరికరాన్ని నడిపే డ్రైవర్లను వరుసగా ఆపుతుంది. బోర్డులో తగిన ఏర్పాటు ఉంటే ర్యామ్ తనలోని డేటాను తనే నిలుపుకునే సెల్ఫ్ రిఫ్రెష్‌లోకి వెళ్లి, ప్రాసెసర్‌కు కరెంటు ఆగిపోతుంది. ఆ ఏర్పాటు లేని బోర్డులో అదే మాట రాసినా జరిగేది ఎస్‌టూఐడిల్ అనే తేలికపాటి స్థితి మాత్రమే, అంటే నిద్ర కాదు, కునుకు.

లేపే సంగతికి వస్తే, ఏ పిన్ను పడితే ఆ పిన్ను బోర్డును లేపలేదు. బీగల్‌బోన్ బ్లాక్ అనే బోర్డులోని ఏఎం335ఎక్స్ చిప్‌నే తీసుకుంటే, జీపీఐఓ బ్యాంకుల్లో (బటన్ల లాంటివి కలిపే పిన్నుల గుంపుల్లో) గాఢనిద్రలో కూడా కరెంటు అందే భాగంలో ఉన్నది జీపీఐఓ 0 బ్యాంకు ఒక్కటే. మీ బటన్ మరో బ్యాంకుకు కలిపి ఉంటే డివైస్ ట్రీలో (బోర్డులో ఏది ఎక్కడ ఉందో కర్నెల్‌కు చెప్పే ఫైలులో) "వేకప్ సోర్స్" అని ఎన్నిసార్లు రాసినా ఫలితం ఉండదు. ఇలాంటి తప్పుతోనే నా చేతికి వచ్చిన ఒక బోర్డులో నేను అది డ్రైవర్ లోపమని భావించి రెండు వారాలు వెతికాను. ఆర్‌టీసీ (బోర్డులోని గడియారం చిప్పు) అలారంతో చక్కగా లేచేది కాబట్టి పరీక్షల్లో గట్టెక్కింది; బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

ఇక పొదుపు లెక్క. పనిచేసేటప్పుడు 300 మిల్లీఆంపియర్లు, నిద్రలో 5 తీసుకునే బోర్డు పావుగంటకోసారి లేచి 10 సెకన్లు పనిచేస్తే సగటు సుమారు 8.3 అవుతుంది, 2000 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీ కాగితం మీద పది రోజులు వస్తుంది. ఆపడం మరచిన ఒక సెన్సరో, ఈథర్నెట్ చిప్పో మరో 20 లాగిందంటే మూడు రోజులే. అందుకే నిద్రలో ఉన్న బోర్డుకు మీటరు పెట్టి చూడనివారు చెప్పే బ్యాటరీ లెక్కలను నేను నమ్మను.

సరిగ్గా నిద్రలోకి జారే క్షణంలో వచ్చే సంకేతం మాటేమిటి? దానికోసం 2010లోనే, 2.6.36 కర్నెల్‌లో, వేకప్ కౌంట్ (వచ్చిన లేపే సంకేతాల సంఖ్య) అనే ఏర్పాటు వచ్చింది: ముందు ఆ సంఖ్యను చదివి తిరిగి రాయాలి, ఈలోగా ఏదైనా సంకేతం వచ్చి ఉంటే కర్నెల్ ఆ రాతను తిరస్కరిస్తుంది, అప్పుడు మనం నిద్ర మానుకోవాలి. నేను చూసిన స్క్రిప్టుల్లో దీన్ని పట్టించుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇప్పుడు నేను ఏ బోర్డునైనా ఆర్‌టీసీ అలారం పెట్టి నిద్రపుచ్చే ఆర్‌టీసీవేక్ కమాండుతో రాత్రంతా పడుకోబెట్టి లేపుతాను. ఆ తరువాత ఆర్‌టీసీని పక్కన పెట్టి, అసలు వాడుకలో బోర్డును లేపాల్సిన ప్రతి బటన్‌నూ, ప్రతి తీగనూ విడివిడిగా పరీక్షిస్తాను.